క్లెయిమును ‘మోసం’ అని కొట్టేస్తే నామినీ ఏం చేయాలి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా ఆయన 2023 జూన్‌లో 10 లక్షల జీవిత బీమా తీసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయారు. షుగరు దాచి మోసం చేశారని కంపెనీ క్లెయిము కొట్టేసింది, కట్టిన ప్రీమియం కూడా వెనక్కివ్వం అంటోంది. ఫారం ఏజెంటే ఇంగ్లీషులో నింపాడు. నా మీద కేసు పెడతారా?

జవాబు: ఆ భయం వదిలేయండమ్మా. ఆయన దాచారన్న ఆరోపణకు మిమ్మల్ని నేరస్థురాలిని చేయలేరు. కానీ పాత తేదీ వేసి డాక్టరు సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరొచ్చినా ఒప్పుకోవద్దు. మోసానికి, మోసం కోసం ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహితలో (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) ఏడేళ్ల దాకా జైలుంది.

పాలసీకి మూడేళ్లు నిండలేదు కాబట్టి, బీమా చట్టం 45వ సెక్షన్ కింద కంపెనీ దాన్ని ప్రశ్నించవచ్చు. నిండి ఉంటే ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీల్లేదు. (ప్రీమియం కట్టక ల్యాప్సయి, మళ్లీ పునరుద్ధరించిన పాలసీకి లెక్క పునరుద్ధరించిన తేదీ నుంచే మొదలు.)

మోసమైతే ప్రీమియమూ పోతుంది. పైగా పాలసీదారు బతికి లేనప్పుడు, మోసం కాదని చూపాల్సింది నామినీయే. ఉద్దేశం లేని తప్పయితే లెక్క వేరు: క్లెయిము కాదన్నా, ప్రీమియం 90 రోజుల్లో వెనక్కివ్వాలి. అంతకంటే ముఖ్యం, ఆ సంగతి ముందే తెలిస్తే పాలసీయే ఇచ్చేవాళ్లం కాదని కంపెనీ రుజువు చేయాలి. షుగరున్నవాళ్లకు అదనపు ప్రీమియంతో పాలసీలు ఇస్తుంటారు కదా! అందుకే ఎవరికి ఏ షరతులతో పాలసీ ఇవ్వాలో చెప్పే అండర్‌రైటింగ్ నియమాలను కంపెనీ చేత దాఖలు చేయించమని విచారణలో అడగండి. మీ కేసుకు ప్రాణం అక్కడే ఉంది.

కంపెనీ చూపేది సాధారణంగా ఆసుపత్రి కేస్‌షీట్‌లో ‘అయిదేళ్లుగా షుగరు’ అన్న ఒక్క వాక్యం. రాసిన డాక్టరు అఫిడవిట్ లేకుండా అది చాలదని వాదించాలి. పాలసీకి ముందు నాటి ఓపీ చీట్లు, మందుల బిల్లులు మీ దగ్గరుంటే ఏవీ పారేయకండి, మీకు వ్యతిరేకంగా కనిపించేవి కూడా వకీలుకు చూపండి. బేరం కుదిర్చిన ఏజెంటును చట్టం కంపెనీ మనిషిగానే చూస్తుంది. షుగరు సంగతి అతనికి చెప్పి ఉంటే కంపెనీకి తెలిసినట్టేనని వాదించే వీలుంది. బాండుతో వచ్చిన ప్రపోజల్ ఫారంలో ఆరోగ్య ప్రశ్నల జవాబులు, తెలుగులో వివరించామన్న డిక్లరేషన్ కింద ఎవరి సంతకముందో చూడండి.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం పంపి, రసీదు ఉంచుకోండి. నెలలో జవాబు రాకున్నా, కాదన్నా, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా కంపెనీలపై ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్లవచ్చు. 50 లక్షల దాకా వింటారు, రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు. లేదంటే తిరస్కరించిన రెండేళ్లలోగా కడప జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపయితే అక్కడా ఫీజు లేదు. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. సాక్షులను, డాక్టరును విచారించాల్సిన మీలాంటి వివాదానికి నేనయితే కమిషనే మేలంటాను.