యూరిన్ ఇన్ఫెక్షన్‌కి కార్టిసాల్ టెస్ట్ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నెల్లూరు, పెళ్లయ్యాక చెన్నై వచ్చేశాం. మా బావగారికి హెచ్ఐవీ ఉంది, తాంబరంలో ఏఆర్‌టీ మందులు తీసుకుంటారు, బాగానే ఉన్నారు. పోయిన నెల యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి ఒకటే చలిజ్వరం, బీపీ పడిపోతే అడ్మిట్ చేశాం. అక్కడ కార్టిసాల్ టెస్ట్ రాశారు. అది టెన్షన్ హార్మోన్ కదా, దీనికేం సంబంధం? జబ్బు ముదిరిందా?
- ఓ పాఠకురాలు, పెరంబూర్

జవాబు: ఆ టెస్ట్ రాసినంత మాత్రాన ముదిరినట్టు కాదమ్మా. యూరిన్ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్ల వస్తాయి, దాని పైపొరలో ఎల్‌పీఎస్ అనే విషపదార్థం ఉంటుంది, అది రక్తంలో కలిస్తే మన రోగనిరోధక కణాల మీదుండే టీఎల్ఆర్4 అనే కాపలా ప్రోటీన్ పసిగట్టేస్తుంది (ఈ సంగతి తేల్చిన బ్రూస్ బ్యూట్లర్‌కి 2011లో నోబెల్ ఇచ్చారు). వెంటనే ఆ కణాల నుంచి టీఎన్ఎఫ్, ఐఎల్-6 లాంటి హెచ్చరిక రసాయనాలు విడుదలవుతాయి, ఆ వణుకు, జ్వరం వాటి పనే, శ్రుతి మించితే రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది. అవే మెదడుకీ కబురు పెడతాయి, మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది, దాంతో కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ పంపిస్తాయి. ఈ గోలకి బ్రేక్ వేసేది, బీపీని నిలబెట్టేది అదే. టెన్షన్ హార్మోన్ అని ఊరికే చెడ్డపేరు పెట్టారు గానీ అది లేకపోతే మనిషి బతకడు.

ఇక హెచ్ఐవీ మొదట్లోనే పేగుల్లోని సీడీ4 అనే రోగనిరోధక కణాల్ని బాగా దెబ్బతీస్తుంది, దాంతో పేగు గోడ కాస్త లీకై ఇన్ఫెక్షన్ లేకపోయినా ఎల్‌పీఎస్ కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తుంటుంది. ఇది 2006లో బయటపడింది. మందులు వాడితే తగ్గుతుంది గానీ చాలామందిలో పూర్తిగా పోదు.

డాక్టర్లు చూసేది అడ్రినల్ సరిగ్గా స్పందిస్తోందా అని. టీబీ గానీ, సీడీ4 బాగా పడిపోయినప్పుడు సీఎంవీ అనే వైరస్ గానీ ఆ గ్రంథిని పాడుచేయొచ్చు. ఇంకోటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. సెకండ్ లైన్ (మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే) హెచ్ఐవీ మందుల్లో రిటోనావిర్ ఉంటే, దాంతోపాటు ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చినా, మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నా ఆ స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుపోయి సొంత కార్టిసాల్ తయారీ పడిపోవచ్చు. మీ బావగారు అలాంటివేమైనా వాడుతున్నారేమో అడగండి, ఉంటే వాళ్లంతట వాళ్లు ఠక్కున ఆపేయకూడదు, డాక్టర్‌కి చెప్పాలి. డిశ్చార్జ్ సమ్మరీ, కార్టిసాల్ రిపోర్ట్ రెండూ తాంబరంలో చూపించండి, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే టెస్ట్) ఎప్పుడు చేశారో కూడా కనుక్కోండి. ఏఆర్‌టీ మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు, మళ్లీ చలిజ్వరం వస్తే డోలో వేసుకుని ఇంట్లో కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.