కనుగొన్నారా? కనిపెట్టారా?

సందేహం: "'క్యాన్సర్ ఎంజైమును కనిపెట్టారు, ఇక క్యాన్సర్‌కు చెక్' అని ఒక పత్రికలో చదివాను. కనిపెట్టారు అనవచ్చా? కనుగొన్నారు అనాలా?" – ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: రెంటిలోనూ ఉన్నది చూపే. తిక్కనగారి నాటి భాషలో 'కనుంగొని' అంటే 'చూచి' అనే. ముందే ఉన్నదాన్ని చూడటం, అంతే.

కనిపెట్టు దారి వేరు. 'మడికి నీళ్లు పారుతున్నాయి, గట్టు తెగకుండా కనిపెట్టుకో' అంటారు మన నెల్లూరు పల్లెల్లో. 'పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టి ఉండమ్మా' అంటారు. తెలుగు బైబిలులో దేవుని కొరకు కనిపెట్టుకొని ఉండటమంటే ఓర్పుతో ఎదురుచూడటం. కాపలా, ఓర్పు ఈ మాటకు ప్రాణం. దొంగను కనిపెట్టడం, అబద్ధాన్ని కనిపెట్టడం ఈ కాపలాలోంచే వచ్చాయని నా ఊహ. కొత్త యంత్రాన్ని కనిపెట్టడం మరో అర్థం.

ఇంత మంచి మాటను 'ఇక చెక్' పక్కన కూర్చోబెట్టడమే నాకు బాధ. ఒక రక్తక్యాన్సర్ సంగతే చూడండి. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా కణాల్లో ఒక పొట్టి క్రోమోజోమును నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్తలు 1960లో చూశారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారయ్యాయని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చారు. ఆ అతుకులో రెండు జన్యువులు కలిసి బీసీఆర్-ఏబీఎల్ అనే ఎంజైము తయారవుతుంది. కణానికి అది ఆగకుండా 'పెరుగు' అని చెబుతూనే ఉంటుంది. ఆ కలిసిన జన్యువును ఎముక మజ్జకణాల్లోకి ఎక్కించి ఎలుకలకు ఇస్తే వాటికీ అలాంటి జబ్బే వచ్చిందని 1990లో రుజువైంది. అసలు మెట్టు ఇదే. జబ్బుతోపాటు పెరిగే ఎంజైములు చాలా ఉంటాయి, జబ్బును నడిపేవి కొన్నే. ఎంజైములో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కుదురుకునే గుంటలో తాను దూరి, ఎంజైము పని ఆపే మందు ఇమాటినిబ్. రోగుల మీద పరీక్ష 1998లో మొదలైంది, అమెరికాలో అనుమతి 2001లో దక్కింది. పొట్టి క్రోమోజోము కనబడ్డాక 41 ఏళ్లకు! అక్కడితోనూ తీరలేదు. ఎంజైములో 315వ స్థానాన త్రియొనీన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసోల్యూసిన్ అనే మరొకటి చేరితే ఆ మందు గుంటలో ఇమడదు. దానికి పొనాటినిబ్ వంటి వేరే మందు కావాలి.

'క్యాన్సర్ ఎంజైము' అన్న సమాసమూ అస్పష్టమే. 'జ్వరం మందు' జ్వరాన్ని తగ్గించేది. అదే లెక్కన చూస్తే ఇది క్యాన్సర్‌ను తగ్గించే ఎంజైము కావాలి! అలాంటిదీ ఉంది: రక్తంలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి, దాన్ని సొంతంగా చాలినంత చేసుకోలేని లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా కణాలను మాడ్చే ఆస్పరాజినేజ్. కనుక 'క్యాన్సర్‌ను నడిపే ఎంజైము' అని విడదీసి రాయాలి.

'కనిపెట్టారు' తప్పని కొట్టివేయను, వాడుక బలమైనది. నా మొగ్గు మాత్రం ఇది: ఎంజైమును కనుగొంటారు, మందును రూపొందిస్తారు. మంచి కణాలకూ ఆ ఎంజైము అవసరమేమో, ఆపితే ఏ అవయవం దెబ్బతింటుందో మధ్యలో ఏళ్ల తరబడి కనిపెట్టుకొని ఉంటారు. ఆ శీర్షికలో 'ఇక' తీసేయాలి. ఆస్పత్రి వరండాలో పత్రిక తిరగేసే మనిషి ఆ రెండక్షరాలనే నమ్ముతాడు.