తొమ్మిదో అధ్యాయంలో ఆ ఫోన్ తీసెయ్

అమ్మా,

నువ్వు చదవమని పంపిన పిల్లల నవల రాత్రి చాలాసేపు చదివాను. తొమ్మిదో అధ్యాయం దగ్గర ఒళ్లు మండి పక్కన పడేశాను, పొద్దున లేవగానే మళ్లీ తీశాను. ఆ మంట గురించే ఈ ఉత్తరం.

నాలుగో అధ్యాయంలో సబ్‌మెరైన్ ఎక్కబోతూ చెల్లెలు ఇంట్లోకి పరిగెత్తి తాత తువ్వాలు తెచ్చుకుంటుంది చూడు, "తాత తడిసిపోయుంటాడు కదా" అని. అక్కడ నాకు గొంతు పట్టేసింది. ఆ మాట రాయగలిగినదానివి పిల్లల కోసం రాయాల్సిందే. మెచ్చుకోలు ఇంతే, ఎందుకంటే ఆ పిల్లకి తర్వాత నువ్వే అన్యాయం చేశావు.

అన్నాచెల్లెళ్లు తుఫానులో మునిగిన తాత బోటు వెతుక్కుంటూ బంగాళాఖాతంలో మూడు వేల మీటర్లు దిగారు. బయట కటిక చీకటి. చెల్లికి భయం మొదలైంది, నాకూ మొదలైంది. సరిగ్గా అప్పుడు అన్న చేతి గడియారంలో వాళ్లమ్మ వీడియోలో కనిపించి "అన్నం తిన్నారా?" అంటుంది! ఇంక భయమెక్కడిది? పిల్లలు పెదజాలారిపేటలో ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే ఉంది.

సాహసయాత్ర అంటే అమ్మ పిలుపు అందనంత దూరం పోవడం. నేను ఇన్నేళ్లుగా నమ్మింది ఇదొక్కటే, ఎవరేమన్నా మార్చుకోను. రాక్షసులు, నిధులు, శత్రువులు లేకపోయినా కథ నడుస్తుంది, ఆ దూరం లేకపోతే మాత్రం నడవదు. పైగా నీకు ఆ దూరాన్ని సైన్సే ఉచితంగా ఇచ్చింది. ఫోన్లను నడిపే రేడియో తరంగాలు ఉప్పునీళ్లలో కొంచెం దూరం కూడా పోలేవు. పోయేది శబ్దం. నీళ్లలో అది సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. అంటే నీ పిల్లల మాట పైనున్న ఓడకు చేరడానికి రెండు సెకన్లు, జవాబు కిందికి రావడానికి ఇంకో రెండు. వీడియో మాట మర్చిపో, నాలుగు ముక్కల సందేశం చేరితే గొప్ప.

ఇప్పుడు అదే సీను ఊహించు. చెల్లెలు "అమ్మా" అంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏమీ రాలేదు. అన్న స్పీకర్ వైపే చూస్తున్నాడు. మళ్లీ పిలవబోతుంటే గరగరమంటూ "తిన్నారా" అన్న ఒక్క ముక్క వచ్చింది. అది అమ్మ గొంతో, ఓడలో ఇంకెవరిదో కూడా తెలియలేదు. నువ్వు రాసిన అదే మాట తల్లీ, నాలుగు సెకన్లు కలిపానంతే. పదేళ్ల పిల్లలు ఆ పేజీ తిప్పకుండా ఉండగలరేమో చెప్పు.

నీ సబ్‌మెరైన్‌లో డైనింగ్ టేబుల్ ఉంది, రెండు బెడ్‌రూములున్నాయి. పది మీటర్లు దిగితే ఒక వాతావరణం, అంటే నేల మీద గాలి మన మీద వేసేంత, ఒత్తిడి పెరుగుతుంది, మూడు వేల మీటర్ల దగ్గర అది మూడు వందలు. అందుకే మన దేశపు లోతు సముద్ర యాత్ర సముద్రయాన్ కోసం రూపొందించిన మత్స్య 6000 అనే వాహనంలో ముగ్గురు మనుషులు కూర్చునేది 2.1 మీటర్ల వ్యాసమున్న టైటానియం గోళంలో. మోకాళ్లు మోకాళ్లు తగులుతుంటే అలిగిన చెల్లెలు ఎటు తిరిగి కూర్చుంటుంది? కథ అక్కడుంది. ఆక్సిజన్ పది నిమిషాలే ఉందని రాశావు, అందరూ అదే రాస్తారు. మూసిన గదిలో గాలిని శుభ్రం చేసే ఏర్పాటు పాడైతే ముందు మనిషిని పడగొట్టేది మనం వదిలే కార్బన్ డయాక్సైడే. తలనొప్పి, మగత, చిరాకు వస్తాయి. ఊరికే కసురుకుంటున్న అన్నని చూసి చెల్లెలికి అనుమానం రావాలి, గాలి పాడైందని ఆమే కనిపెట్టాలి. నువ్వేమో నీలిరంగు స్ఫటికం ఒకటి పెట్టి ఇంధనం, గాలి, వెలుగు అన్నీ దానితోనే కానిచ్చేశావు.

ఆ స్ఫటికం చూస్తే నాకు పాత గాయం రేగింది. పోర్టులో నైట్ షిఫ్టులు చేస్తూ, తెల్లారి ఇంటికొచ్చి రాసుకున్న నా మొదటి సీరియల్‌ని ఒక ఎడిటర్ చివరి వారంలో నాకు చెప్పకుండా మార్చేశాడు. పిల్లలు లెక్కలు కట్టుకుని గుహలోంచి బయటపడే చోట ఒక మహిమగల మణి పెట్టాడు. "పిల్లలకి సైన్సెందుకండీ, అద్భుతం కావాలి" అన్నాడు. తర్వాత ఒక పాప కార్డు రాసింది: "మణి ఉందిగా, మరి మొదటివారమే ఎందుకు వాడలేదు?" ఆ ఎడిటర్‌కి తట్టనిది ఆ పాపకి తట్టింది. ఇప్పుడు మణి పోయి అన్నీ తెలిసిన రోబో వచ్చింది, ప్రతి పిల్లల కథలోనూ అదే. అన్నట్టు, జాలారిపేట పిల్లలకి అద్విక్, సమైరా ఏమిటి? నూకరాజు అని పెడితే ఎవరు చదవరన్నారు నీకు?

అందకపోవడమంటే ఏమిటో వైజాగ్ వాళ్లకి ఒకరు చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవై ఉంటావు. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. నేను గాజువాకలో, మా అమ్మాయి మధురవాడలో. గాలి తగ్గాక సైకిలేసుకుని బయల్దేరాను, అడ్డంగా పడ్డ చెట్ల మీద నుంచి దాన్ని ఎత్తుకుంటూ పోయాను. దారంతా ఎదురొచ్చినవాళ్లని అటువైపు ఎలా ఉందని అడగడమే, ఒక్కొక్కరూ ఒక్కో మాట. ఇంటికి చేరేసరికి మా అమ్మాయి బకెట్టుతో నీళ్లు మోస్తోంది. నన్ను చూసి ఏదో అంది, నాకు వినపడలేదు. ఆ రోజుల సంగతి మీ అమ్మనడుగు, నీ నవలకి కావాల్సిన టెన్షనంతా ఆవిడ దగ్గర దొరుకుతుంది.

ఇంకొకటి. సబ్‌మెరైన్‌ని సముద్రంలోకి తీసుకెళ్లడానికి పిల్లలకి బోటు ఎలా దొరికిందో నువ్వు చెప్పలేదు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, 61 రోజులు మరబోట్లు ఫిషింగ్ హార్బర్‌లోనే ఉంటాయి. బడికి వేసవి సెలవులూ అప్పుడే. నీ కథ జరిగే 2070లోనూ ఆ నిషేధం ఉందనుకో, నీ కథకి మొదలూ గడువూ రెండూ దొరికాయి.

రాసే ముందు ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపలికి ఇంకోసారి వెళ్లు. సెల్ఫీలు తర్వాత. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరేటప్పుడు నీ భుజం ఎక్కడ తగులుతుందో, పడుకునే బల్లలు ఎంత ఇరుకో చూడు. అది డీజిల్‌తో నడిచిన సబ్‌మెరైన్. ఇంజనుకి గాలి కావాలి కాబట్టి నీళ్లలో మునిగినంతసేపూ బ్యాటరీల మీదే, అవి తగ్గితే చార్జింగుకి పైకి రావాల్సిందే. నీ స్ఫటికం బదులు అలాంటి ఇబ్బంది ఒకటి పెట్టు.

పబ్లిషర్ల గురించీ బొమ్మల గురించీ పోటీల గురించీ చాలా అడిగావు. ముందు తొమ్మిదో అధ్యాయం తిరగరాసి, ప్రింటు తీసి పంపు, ఫోన్లో చదవలేను.

మీ
మాస్టారు