ఎన్ఏడీ జన్యువుల మ్యాపింగ్ మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కణానికి తప్పనిసరైన ఎన్ఏడీ అనే సహఎంజైమును తయారుచేసే జన్యువులు ఎక్కడున్నాయో వెతికే పని మొదలుపెడుతున్నావు. ఈ.కోలై బాక్టీరియాలో కె-12 రకం జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) 1997లోనే చదివేశారు కదా, ఇంకా ఈ మ్యాపింగ్ దేనికని అడిగావు. నైట్రోసోగ్వానిడిన్ అనే, డీఎన్ఏని మార్చే రసాయనంతో తీసిన మ్యూటెంట్‌లో (జన్యువు మారిన కణంలో) మార్పులు చాలా చోట్ల ఉంటాయి. సీక్వెన్సింగ్ వాటన్నిటి జాబితా ఇస్తుంది. ఎన్ఏడీకి ముడిసరుకైన నికోటినిక్ ఆమ్లం అనే విటమిన్ లేకుండా పెరగకపోవడానికి అందులో ఏది కారణమో తేల్చేది ట్రాన్స్‌డక్షనే, అంటే ఫేజ్ (బాక్టీరియాకి సోకే వైరస్) చేత ఒక కణం డీఎన్ఏ ముక్కని ఇంకో కణానికి మోయించడమే.

ముందు ప్లేట్ల సంగతి చూసుకో. అమైనో ఆమ్లాల మ్యూటెంట్లతో వచ్చిన అలవాట్లు ఇక్కడ చెల్లవు. కణానికి కావలసిన విటమిన్ అతి కొంచెం కాబట్టి, మామూలు ఆగర్‌లోని మలినంతోనే మ్యూటెంట్ మసకగా పెరిగిపోతుంది. శుద్ధి చేసిన ఆగరే వాడు. ఎల్‌బీలో (అన్నీ ఉన్న పోషక ద్రవంలో) పెంచిన కణాల్ని ఎం9 (విటమిన్లు లేని కనీస మాధ్యమం) లవణాలతో మూడుసార్లు కడుగు. అప్పటికీ లోపలి నిల్వతో అవి కొన్ని తరాలు విభజన చెందుతూనే ఉంటాయి. ఆంపిసిలిన్ పెరుగుతున్న కణాల్నే చంపుతుంది కాబట్టి, ఆ దశలో వేస్తే నీకు కావలసిన మ్యూటెంట్లే చస్తాయి. నికోటినిక్ ఆమ్లం లేని ఎం9 గ్లూకోజ్‌లో రాత్రంతా ఉంచు, పొద్దున తాజా ఎం9లో పలుచన చెయ్యి, మామూలు కణాలు మళ్లీ పెరగడం మొదలయ్యాక మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల ఆంపిసిలిన్ వెయ్యి.

దొరికిన ప్రతి మ్యూటెంట్‌నీ రెండు ప్లేట్ల మీద చూడు: ఒకదాంట్లో 20 మైక్రోమోలార్ నికోటినిక్ ఆమ్లం, రెండోదాంట్లో 100 మైక్రోమోలార్ క్వినోలినిక్ ఆమ్లం. నాడ్‌ఏ, నాడ్‌బీ జన్యువులు క్వినోలినిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి, నాడ్‌సీ దాన్ని ఎన్ఏడీ వైపు నడుపుతుంది. కాబట్టి రెండిటి మీదా పెరిగితే లోపం నాడ్‌ఏలోనో నాడ్‌బీలోనో ఉన్నట్టు. నికోటినిక్ మీదే పెరిగితే నాడ్‌సీ. క్వినోలినిక్ ఆమ్లం కణంలోకి సరిగా పోదు, అందుకే అంత గాఢత. పీహెచ్ 7కి తెచ్చాకే కలుపు. నాడ్‌సీ మ్యూటెంట్ క్వినోలినిక్ ఆమ్లాన్ని బయటికి వదులుతుంది. దాని పక్కన నాడ్‌ఏ మ్యూటెంట్‌ను పెడితే ఆ తిండితోనే పెరిగి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. అందుకని రెండిటినీ ఒకే ప్లేటు మీద పెట్టకు.

నాడ్‌ఏని, నాడ్‌బీని తిండి పెట్టి విడదీయలేవు, స్థానం చూసే విడదీయాలి. ఈ.కోలై జీనోమ్‌ని వంద నిమిషాలుగా విభజించిన మ్యాప్ మీద నాడ్‌సీ సుమారు 2.5 దగ్గర, నాడ్‌ఏ 17 దగ్గర గాల్ (గెలాక్టోజ్ వాడకానికి కావలసిన) జన్యువుల పక్కన, నాడ్‌బీ 58 దగ్గర ఉన్నాయి. ఒక నిమిషమంటే దాదాపు 46 కిలోబేస్‌లు (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్ఏ అక్షరాలు). పీ1 ఫేజ్ మోసే ముక్క సుమారు రెండు నిమిషాలు.

ఆ చోట్లకి దగ్గర్లో టీఎన్10 (టెట్రాసైక్లిన్‌ని తట్టుకునే జన్యువుతో డీఎన్ఏలో దూరే ముక్క) ఉన్న మామూలు స్ట్రెయిన్ మీద పీ1 పెంచు. నీ మ్యూటెంట్‌ను 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌లో ఉంచి, కణానికి ఒక ఫేజ్ కన్నా తక్కువ పడేలా లైసేట్ (అలా పెంచిన ఫేజ్ ఉన్న ద్రవం) కలుపు. 37 డిగ్రీల దగ్గర అరగంట అయ్యాక, ఫేజ్ అంటుకోవడానికి కావలసిన కాల్షియాన్ని పట్టేసే సోడియం సిట్రేట్ వేసి, ఎల్‌బీలో గంటసేపు తిప్పు. ఆపైన మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాముల టెట్రాసైక్లిన్, సిట్రేట్ ఉన్న ఎల్‌బీ ప్లేట్ల మీద పరువు. సిట్రేట్ మరిస్తే, మిగిలిన ఫేజ్ నీ కాలనీల్నే తినేస్తుంది. కణాలు మాత్రమే ఉన్న ప్లేటు, లైసేట్ మాత్రమే ఉన్న ప్లేటు తప్పనిసరి.

వచ్చిన కాలనీల్ని సిట్రేట్ ఉన్న ప్లేటు మీద ఒకసారి గీసి శుద్ధిచేశాకే, వందింటిని నికోటినిక్ ఆమ్లం ఉన్న ఎం9 మీదా, లేని ఎం9 మీదా పెట్టి లెక్కపెట్టు. టీఎన్10కీ జన్యువుకీ మధ్య దూరాన్ని (నిమిషాల్లో) 2తో భాగించి, 1లోంచి తీసేసి, ఘనం చేస్తే సహట్రాన్స్‌డక్షన్ నిష్పత్తి వస్తుంది, అంటే టీఎన్10తో పాటు మామూలు జన్యువు కూడా వచ్చి, నికోటినిక్ ఆమ్లం లేకుండా పెరిగే కాలనీల వంతు. అర నిమిషం దూరమైతే 42 శాతం, ఒక నిమిషమైతే పన్నెండో పదమూడో. సున్నా వస్తే జన్యువు దూరంగా, బహుశా రెండు నిమిషాల అవతల, ఉందని మాత్రమే అర్థం. ఇంకో టీఎన్10 తీసుకో.

ఎన్ఏడీ తయారీలో చివరి మెట్లైన నాడ్‌డీ, నాడ్‌ఈ జన్యువులు మాత్రం ఈ పద్ధతికి దొరకవు. దారులన్నీ వాటి దగ్గరే కలుస్తాయి, ఎన్ఏడీని బయటినుంచి ఇద్దామంటే కణం లోపలికి తీసుకోదు. వాటికోసం 30 డిగ్రీల దగ్గర పెరుగుతూ, 42 దగ్గర నికోటినిక్ ఆమ్లం ఉన్నా ఆగిపోయే మ్యూటెంట్లని వెతకాలి. ఆ పని నాడ్‌ఏ, బీ, సీ తేలాక పెట్టుకో. లైసేట్ టైటర్ (అందులోని ఫేజ్‌ల లెక్క) మిల్లీలీటరుకి 10⁹ దాటిందో లేదో చూసి నాకు రాయి.