ముందు ఒక జాడీ ఖాళీ కానీ

పొదలకూరు

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన లెక్కల కాగితం కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివినా. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఊరగాయల షాపు, ఆరు నెలల అడ్వాన్సు, అద్దాల బీరువాలు, లైట్ల బోర్డు, పన్నెండు రకాల ఊరగాయలు. అన్నీ రాశావు గానీ ఒకటి మరిచావు. ఇప్పటిదాకా నీ ఊరగాయ డబ్బిచ్చి కొన్నోళ్ళు ఎంతమంది? చుట్టాలు బాగుందన్నది లెక్కలోకి రాదు. మనింట్లో భోంచేసి బాగలేదని ఎవురంటారు?

నన్నడిగితే పదకొండు రకాలు కొట్టెయ్, నిమ్మకాయ ఒక్కటి ఉంచు. కాయ మార్కెట్ మా ఊళ్ళోనే ఉండాది. ఆ కాయ గుణం తెలుసుకోడానికే నాకు రెండేళ్ళు పట్టింది. ఎండాకాలం ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది, కాయ ధర చూస్తే గుండె ఆగుతుంది. వానల్లో కాయ చవక, ఎండబెట్టే దారి లేదు. అందుకని కాయ చవగ్గా ఉన్నప్పుడే కోసి ఉప్పులో వేసి పెట్టుకుంటా. సంక్రాంతి దాటి ఎండ తిరిగాక ముక్కలు ఆరబోసి కారం, మెంతిపిండి కలుపుతా.

ఒక కార్తీకంలో పెళ్ళివాళ్ళు అడిగారని ఆశపడి ఒకేసారి ఆరు జాడీలు పెట్టినా. కాయ కడిగి సరిగా తుడవలేదు, తడి మిగిలింది. ఇరవై రోజులకు మూత తీస్తే పైన తెల్లగా బూజు. ఆరూ పెంటలో పోశాం. ఒక జాడీ పెట్టుంటే ఒకటే పోయేది. చిన్నగా మొదలుపెట్టమని నేను పోరేది పిరికితనంతో కాదు. తప్పులు ఎట్టాగూ చేస్తాం, అవి తక్కువ ఖర్చులో అయిపోవాలని.

ధర ఎట్టా కట్టాలో చెప్తా. సీసా 120కి అమ్ముతానని రాశావు. కాయ, నూనె, కారం, ఉప్పు 58. సీసా, మూత, లేబుల్ 14. ఆటో 6. మొత్తం 78 పోను 42 మిగిలిందని సంబరపడ్డావు. మరి నీ కూలి? నలభై సీసాలకు రెండు రోజుల పని. రోజుకు నాలుగొందలు వేసుకున్నా సీసాకు ఇరవై. మిగిలింది 22. అందులోంచే పగిలినవీ, వెనక్కొచ్చినవీ పోవాలి. నేను కూలి డబ్బు ఇంటి ఖర్చుకు తీసి, మిగిలింది హార్లిక్స్ డబ్బాలో వేసేదాన్ని. వ్యాపారం పెరిగింది ఆ డబ్బాలోంచే. పండక్కి చీర కావాలన్నా దాని జోలికి పోలేదు. ఒక్కసారి మాత్రం పోయినాలే, అది వేరే కథ.

అప్పు సరుకు ఇచ్చేటప్పుడు జాగ్రత్త. నెల్లూరులో ఒక పెద్ద దుకాణం వాళ్ళు నెలకు రెండొందల సీసాలు కావాలన్నారు. ఎగిరి గంతేశా. నాలుగు నెలలు తిప్పి సగం డబ్బిచ్చారు, మిగతా సగానికి ఎండకు రంగు మారిన సీసాలు తిరిగి పంపారు. అప్పట్నుంచీ కొత్త కొట్టుకు ఇరవై సీసాలే ఇస్తా. వాటి డబ్బు చేతికొచ్చాకే తర్వాతి ఇరవై.

యంత్రాలు ఇప్పుడే కొనొద్దు. నేను ఏడేళ్ళు మిరపకాయలు మరకే మోసినా. మరకిచ్చే నెల కూలి, సొంత మర కొంటే కట్టాల్సిన నెల కంతుకంటే ఎక్కువైన రోజున సొంత మర కొన్నా. షాపుకూ అదే లెక్క. ఇంటి గడపలో జనం పట్టనప్పుడు అద్దె కట్టు.

బ్యాంకు అప్పు చెడ్డదని నేననను. పూచీకత్తు లేకుండా ముద్ర అనే సర్కారు అప్పుల పథకంలో శిశు కింద 50 వేల దాకా ఇస్తారు, నీ మొదటి ఏడాదికి అది ఎక్కువే. ఉద్యమ్ అని చిన్న వ్యాపారాలకు సర్కారు నమోదు ఉండాది, దానికి రూపాయి కట్టక్కర్లేదు, ఆన్‌లైన్లో నువ్వే చేసుకోవచ్చు. చేసిపెడతామని డబ్బడిగేవాళ్ళ దగ్గరికి పోవద్దు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి సీసా అమ్మక ముందే చేయించి, ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద వేయించు.

1992లో దూబగుంట సారా పోరాటం జిల్లా అంతా పాకినప్పుడు నేనూ కొంగు బిగించినదాన్నే. ఆ తర్వాత ఊరూరా పొదుపు లక్ష్మి గ్రూపులు పెట్టి రోజుకు రూపాయి దాచుకున్నాం. ఆ రూపాయల్లోంచి తీసుకున్న ఐదొందల అప్పే నా పెట్టుబడి. మీ పెదనాన్న అప్పుడు నవ్వాడు. ఇప్పుడు సీసాలకు లేబుళ్ళు అంటిస్తాడు, వంకర లేకుండా.

మొహర్రం నెలలో రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువుకు పోయి, వ్యాపారం బాగుండాలని మొక్కి వ్యాపార రొట్టె పట్టుకుంటానన్నావు. పట్టుకో, నేనూ పట్టుకున్నా. కాయ తుడిచే గుడ్డలు కూడా నాలుగు ఉతికి పెట్టుకో.

షాపు అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు గదా? ఇవ్వకుండా శనివారం బస్సెక్కు. తెల్లారి మార్కెట్లో ఐదు కిలోలు కొందాం, పలుచని తోలు కాయ ఎట్టా ఏరాలో చూపిస్తా. జాడీ తేవద్దు, నేను మొదలుపెట్టిన చిన్నది అటక మీదే ఉండాది.

మీ పెద్దమ్మ