కిరాణా కొట్టుకి బార్‌కోడ్ స్కానర్: లేజర్ చాలా, 2డీ కావాలా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర చిన్న సూపర్ మార్కెట్ పెడుతున్నామనీ, వెనకాల గోడౌన్ కూడా ఉందనీ, చవకలో వచ్చే లేజర్ స్కానర్ సరిపోతుందా లేక 2డీ కొనాలా అనీ అడిగారు. నేను హోస్కోటె దగ్గర ఒక గోడౌన్‌లో నాలుగేళ్లు స్టాక్ చూశాను. ఇప్పుడు మారతహళ్ళిలో మన సరుకులు అమ్మే కొట్టు నడుపుతున్నాను. రెండు చోట్లా తిన్న దెబ్బలు చెబుతాను.

2డీ తీసుకోండి, అందులో ఆలోచించేది లేదు. లేజర్‌ది సన్నటి ఎర్ర గీత. ఆ గీత బార్‌కోడ్‌కి అడ్డంగా పడితేనే చదువుతుంది. క్యూఆర్ అసలు చదవదు, ఫోన్ స్క్రీన్ మీది కోడ్ దగ్గరా మొండికేస్తుంది. 2డీ ఫొటో తీసినట్టు చూస్తుంది కాబట్టి ప్యాకెట్‌ని ఎటు తిప్పి పెట్టినా చదివేస్తుంది. సాయంత్రం ఏడింటికి క్యూ పెరిగినప్పుడు కౌంటర్‌లో పిల్లాడు ప్రతి ప్యాకెట్‌నీ తిప్పుకుంటూ కూర్చుంటే ఎలా ఉంటుందో మీరే చూస్తారు.

కానీ నేను పడిన టెన్షన్‌లో సగం స్కానర్ వల్ల కాదు. కంప్యూటర్‌కి స్కానర్ అంటే ఇంకో కీబోర్డే. అంకెలు టైప్ చేసి, చివర ఎంటర్ కొడుతుంది, అంతే. కర్సర్ ఎక్కడుంటే అక్కడ కొడుతుంది. కొట్టు తెరిచిన మొదటి వారంలో మావాడు కర్సర్‌ని క్వాంటిటీ గడిలో వదిలేసి పెసరపప్పు ప్యాకెట్ స్కాన్ చేశాడు. 890తో మొదలయ్యే పదమూడు అంకెలూ అందులో పడ్డాయి. అంటే దాదాపు తొమ్మిది లక్షల కోట్ల ప్యాకెట్లు! బిల్లు చూసి ఎదురుగా ఉన్న పెద్దాయన "అంత వద్దు బాబూ, అర కిలో చాలు" అన్నారు. అది నవ్వుకునే తప్పు కాబట్టి దొరికింది. క్వాంటిటీ గడిలో మూడంకెలకి మించి పడకుండా చూడమని సాఫ్ట్‌వేర్ వాళ్లకి ముందే చెప్పండి. (ఆ 890 ఉంటే ఇండియాలో తయారైనట్టే అనుకుంటారు చాలామంది. కాదు, ఆ నంబర్ బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర తీసుకున్నారని మాత్రమే.)

స్కానర్‌తో వచ్చే చిన్న పుస్తకంలో సెట్టింగులన్నీ బార్‌కోడ్‌ల రూపంలోనే ఉంటాయి. మా అమ్మాయి ఆడుకుంటూ వాటిలో ఏదో స్కాన్ చేసింది. మర్నాడు అంకెల బదులు ఆశ్చర్యార్థకాలూ, డాలర్ గుర్తులూ వచ్చాయి. వేరే దేశం కీబోర్డ్ సెట్టింగ్ పడిందన్నమాట. ఫ్యాక్టరీ రీసెట్ (అన్నీ మొదటి స్థితికి తెచ్చేది), ఎంటర్ సఫిక్స్ (చివర ఎంటర్ కొట్టించేది), ఈ రెండు కోడ్‌లనూ ఫొటో తీసి పెట్టుకుని, పుస్తకాన్ని బీరువాలో దాచండి.

ఇక లేబుళ్లు. ఆవకాయ, కారప్పొడి లాంటివి మీరే ప్యాక్ చేస్తే స్టిక్కర్లు మీరే వేసుకోవాలి. సిరా లేకుండా వేడితోనే అచ్చయ్యే మామూలు థర్మల్ స్టిక్కర్ వేడికి నల్లబడుతుంది, నూనె తగిలితే వెలిసిపోతుంది. మా ఆవకాయ సీసాల మీద రెండు నెలలకే గీతలు మాయమయ్యాయి. రిబ్బన్ మీది సిరాని స్టిక్కర్ మీదికి ఎక్కించే ప్రింటర్ కొనండి, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే. సన్న సీసా మీద గీతలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి వచ్చేలా అంటించండి. అడ్డంగా చుట్టూ తిరిగేలా అంటిస్తే చివరి గీతలు వంపులో దాక్కుంటాయి. ఒక మిక్స్చర్ తయారీదారు అందంగా ఉంటుందని బార్‌కోడ్‌ని ఎరుపులో అచ్చు వేయించి తెచ్చాడు. చాలా స్కానర్ల వెలుతురు ఎరుపే, ఆ వెలుతురులో ఎర్ర గీతలు తెల్ల కాగితంలో కలిసిపోతాయి. ఎన్నిసార్లు నొక్కినా కుయ్‌మనలేదు.

గోడౌన్‌కి మాత్రం వైర్‌లెస్ కావాలి. బ్లూటూత్ పది మీటర్లు అంటారు గానీ, మధ్యలో ఇనుప ర్యాకులుంటే అంత రాదు. సిగ్నల్ పోయినా స్కాన్ చేసినవి తనలోనే దాచుకుని, తర్వాత ఒకేసారి పంపే మెమరీ మోడ్ ఉందో లేదో అడగండి. పై అరల లేబుళ్లు కింద నిలబడి చదవాలంటే లాంగ్ రేంజ్ స్కానర్ కావాలి, దాని ధర మీ గోడౌన్‌కి దండగ. హోస్కోటెలో మేం పై అరల లేబుళ్లన్నీ కంటి ఎత్తులో ఒకే స్తంభానికి అంటించి, పక్కన పైకి బాణం గుర్తులు వేశాం. నిచ్చెన ఎక్కే పని సగం తగ్గింది.

స్కానర్ కొనడానికి బెంగళూరు ఎస్పీ రోడ్‌లోని ఎలక్ట్రానిక్స్ షాపులకి వెళ్లేటప్పుడు చేతిలో సంచి పట్టుకెళ్లండి. నలిగిన చిప్స్ ప్యాకెట్, చెమ్మ పట్టిన పెరుగు ప్యాకెట్, మీ పచ్చడి సీసా, ఫోన్‌లో ఒక క్యూఆర్. షాపువాడు తన పెట్టె మీది కోడ్ చదివించి చూపిస్తాడు. మీరు మాత్రం సంచిలోవి చదివించి చూపించమనండి.