మీరడిగారు: సుత్తి వీరభద్రరావు గొంతు సంగతి

ప్రశ్న: సుత్తి వీరభద్రరావు సినిమా టీవీలో వస్తుంటే వంటింట్లోంచి విన్నా నవ్వొస్తుంది. బొమ్మ చూడకుండానే అంత నవ్వెలా? (తెనాలి పాఠకురాలు)

జవాబు: వంటింట్లోంచి విన్నారు కాబట్టే అసలు కిటుకు మీకు దొరికిందండీ! సినిమాల్లోకి రాకముందు ఆయన విజయవాడ ఆకాశవాణిలో ఉద్యోగి. రేడియో నాటకంలో కళ్లెర్రజేస్తే చూసేదెవరు? కోపం, వెటకారం, ముసలితనం అన్నీ గొంతులోంచే పలకాలి. పాత్ర దూరంగా ఉందనిపించాలంటే మైకు నుంచి రెండడుగులు వెనక్కి జరగాలి. చేతిలో కాగితం గరగరలాడిందా, సీను పోయినట్టే. నాటకాల స్టేజీది ఇంకో బాధ, చివరి వరసలో కూర్చున్నవాడికి వినబడకపోతే ఈల వేస్తాడు. వీరభద్రరావు ఈ రెండుచోట్లా నలిగినవాడు. అందుకే తిట్ల దండకం ఎంత జోరుగా ఎత్తుకున్నా ఒక్క అక్షరం మింగడు. దండకం చివర గొంతు పెంచడానికి ఊపిరి ఇంకా మిగిలే ఉంటుంది. ఈసారి ఆ చివరి ముక్క వినండి.

ప్రశ్న: 'సుత్తి' ఇంటిపేరా?

జవాబు: కాదు, ఇంటిపేరు మామిడిపల్లి. 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' తీశాక ఆయనకీ, ఆయన జంట హాస్యనటుడు వేలుకీ అంటుకున్న బిరుదది. మళ్లీ ఊడలేదు.

ప్రశ్న: వేలు పక్కన లేని వీరభద్రరావు మీకు నచ్చుతాడా?

జవాబు: భేషుగ్గా! జంట హాస్యంలో ఆయన బండగొంతుకి వేలు పీలగొంతు తోడై నవ్వు సగం తేలిగ్గా వచ్చేస్తుంది. ఒంటిచేత్తో లాగడం చూడాలంటే 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) పెట్టుకోండి. ఇంటిల్లిపాదినీ హడలెత్తించే పరంధామయ్య, నరేశ్‌కి తండ్రి. ఆయన జోకు వేస్తున్నట్టు ఎక్కడా కనబడడు, నిజంగానే మండిపడుతుంటాడు. ఆ కోపం నిజం కాబట్టే మనకి నవ్వు. జోకు చెప్పి మనవంక చూసే నటులంటే నాకు పడదు లెండి.

ప్రశ్న: అప్పటికే పెద్ద వయసా?

జవాబు: ఎక్కడండీ! 1947లో పుట్టిన మనిషి, పరంధామయ్య నాటికి నలభై కూడా రాలేదు. జుట్టుకి తెల్లరంగు ఎవరైనా పూస్తారు, గొంతుకి ఆ వయసు తెచ్చింది మాత్రం రేడియో. 1988లో పోయారు, 41 ఏళ్లకే. సినిమాల్లో వెలిగింది ఆరేడేళ్లు.